కాయ కోసేవారిని కరిచే ఎర్రచీమలు: చంపాలా, ఉంచాలా?

ప్రశ్న: మా మామిడి తోటలో ఆకులు కలిపి గూళ్ళు కట్టే ఎర్రచీమలు విపరీతంగా ఉన్నాయి. కాయ కోసేవారు చెట్టెక్కడానికి భయపడుతున్నారు. పది రోజుల్లో కోత ఉంది. మందు కొట్టి వీటిని చంపవచ్చా? మొన్న చెట్ల కింద గడ్డి కోస్తున్న ఒకామెను చీమలు కుడితే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక ఇబ్బంది పడింది. అవీ ఇవేనా?

జవాబు: మీ రెండో ప్రశ్న ప్రాణానికి సంబంధించినది కాబట్టి ముందుగా దానికే సమాధానం చెబుతాను. మాటవరసకు అన్నిటినీ "చీమ కుట్టింది" అనే అంటాం గానీ, చెట్టు మీది ఎర్రచీమకు కొండి ఉండదు. అది దవడలతో కరిచి, పొట్ట కొసను ముందుకు వంచి ఆ గాటు మీద ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతుంది. మంట తీవ్రంగానే ఉంటుంది, కానీ సాధారణంగా కాసేపటికి తగ్గిపోతుంది. గడ్డిలో కుట్టినవి నేలలో పుట్టలు పెట్టే అగ్నిచీమలు కావచ్చు. అవి దవడలతో చర్మాన్ని గట్టిగా పట్టుకుని, పొట్ట చివరి కొండితో ఒకే చోట చుట్టూ తిరుగుతూ పలుమార్లు విషాన్ని ఎక్కిస్తాయి. కుట్టిన చోట మరుసటి రోజుకల్లా చీము పొక్కులా కనిపిస్తే దాన్ని చిదమకూడదు. సబ్బునీటితో కడిగి చల్లని గుడ్డ వేస్తే చాలు.

అయితే కుట్టిన చోటే కాక ఒళ్ళంతా దద్దుర్లు లేవడం, పెదవులో నాలుకో వాయడం, ఆయాసం, కళ్ళు తిరగడం వంటివి తీవ్రమైన అలర్జీ లక్షణాలు. అలాంటప్పుడు ఇంటి వైద్యంతో క్షణం కూడా వృథా చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి, ఎందుకంటే వెంటనే ఇవ్వవలసినది ఎడ్రినలిన్ ఇంజెక్షన్. ఆమెకు ఇప్పుడు తగ్గిపోయినా సరే, మళ్ళీ కుడితే అంతకన్నా ప్రమాదం కావచ్చు. వైద్యుడికి చూపించే వరకు దయచేసి ఆమెను ఆ గడ్డి పనికి పంపకండి.

ఇక గూళ్ళు కట్టే చీమలను చంపవద్దనే నా సలహా. ఒకసారి గూడు కట్టే చోట నిలబడి గమనించండి: కొన్ని చీమలు వరుసగా నిలిచి రెండు ఆకుల అంచులను దగ్గరకు లాగి పట్టుకుంటే, మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరుచుకుని, మగ్గం మీద నాడెలా ఈ అంచుకూ ఆ అంచుకూ తిప్పుతూ, వాటి నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులను కుట్టేస్తాయి. ఈ చీమలే రేయింబవళ్ళు కొమ్మల మీద తిరుగుతూ పండు ఈగలను కాయపై వాలనీయవు, ఆకు తినే పురుగులను పట్టుకుపోతాయి. చైనాలో నారింజ తోటల రైతులు శతాబ్దాల క్రితమే వీటి గూళ్ళను తెచ్చి చెట్లకు కట్టేవారు. పైగా కోతకు పది రోజుల ముందు మందు కొడితే దాని అవశేషాలు కాయలో మిగిలే ప్రమాదం ఉంది.

వీటితో ఒక చిక్కు లేకపోలేదు. తీపి స్రావం కోసం పిండినల్లినీ పొలుసు పురుగులనూ ఇవి కాపాడతాయి. ఆకుల మీద మసి పట్టి, కొమ్మలకు పిండినల్లి కనిపించిన చెట్లలో మాత్రం పురుగు పట్టిన రెమ్మలను గూళ్ళతో సహా కత్తిరించి తీసేయండి. అలా తీసిన గూటిని వేరే చెట్టు మీద వేయకండి. అక్కడ మరో గుంపుకు చెందిన చీమలుంటే రెండూ పోరాడి చస్తాయి.

కోత రోజున వీలైనంత వరకు నేల మీది నుంచే చిక్కంతో కోయించండి. ఎక్కక తప్పని చెట్లకు ముందుగా కొమ్మల మీద నీరు పిచికారీ చేస్తే చీమల తిరుగుడు కొంతసేపు తగ్గుతుంది. చేతులకు కట్టెల బూడిద రాసుకుంటే అవి సులభంగా పాకలేవు. పొడవు చేతుల చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులను మేజోళ్ళలో దోపుకోవాలి.

నేల మీది పుట్టలపై పొడిమందు చల్లితే పైన తిరిగేవే చస్తాయి, లోతున ఉన్న రాణి మిగిలి మళ్ళీ గుడ్లు పెడుతుంది. నెమ్మదిగా పనిచేసే మందు కలిపిన ఎరనైతే చీమలే రాణి దాకా మోసుకెళ్తాయి. నేల తడిగా లేనప్పుడు, వాన సూచన లేని రోజున, పుట్ట నెత్తిన కాకుండా దాని చుట్టూ వేయండి. కిరోసిన్, పెట్రోలు మాత్రం పోయవద్దు, వేళ్ళు చెడిపోతాయి, నిప్పు ప్రమాదమూ ఉంటుంది. ఈ పుట్టలున్న చోట్ల కర్రలు పాతి గుర్తు పెట్టి, కోతకు వచ్చేవారందరికీ ముందే చూపించండి.