ఇరవై శాతం వైకల్యం అంటే ఇరవై శాతం నష్టమేనా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 34. ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. నెలకు పదిహేను వేల దాకా వచ్చేవి. నాలుగు నెలల క్రితం మావారి బండి మీద వెనక కూర్చుని వెళ్తుంటే పక్క రోడ్డులోంచి దూసుకొచ్చిన కారు గుద్దేసింది. కుడి మణికట్టు విరిగితే ప్లేటు వేశారు. పోలీసులు కారు నడిపినతని మీద కేసు కట్టారు. డాక్టరు 20 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇప్పుడు కత్తెర పట్టలేకపోతున్నాను. కారు ఓనరు ఆసుపత్రి బిల్లులో సగం కట్టాడు. ఇంకో డెబ్బై వేలు ఇస్తాను, కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. మావారేమో ‘ఇరవై శాతానికి కోర్టులో ఏమొస్తుంది, పైగా నీకు హెల్మెట్ కూడా లేదు, తీసేసుకుందాం’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. అలాంటి కాగితాల్లో ‘ప్రమాదంలో కారు డ్రైవర్ తప్పు లేదు, ఇక ఎలాంటి క్లెయిమూ చేయం’ అని రాసుకుంటారు. రేపు ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు కోర్టులో మొట్టమొదట చూపించేది దాన్నే.

మీవారి లెక్కలో పొరపాటు ఆ ఇరవై దగ్గరే ఉంది. డాక్టరు కొలిచింది మీ మణికట్టు ఎంత వంగుతుంది, ఎంత తిరుగుతుంది అన్నది. ట్రిబ్యునల్, అంటే రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టు, చూడాల్సింది ఆ చేత్తో మీరు మీ పని చేసుకోగలరా లేదా అన్నది. ఈ రెండూ ఒకటి కాదని సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పులో విడమరచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూటికి నూరు శాతం సంపాదన పోవచ్చు. అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం నిలబడవచ్చు. కుడి మణికట్టు దర్జీ పని చేసేవాళ్లకు ఏమిటో మీకు నేను చెప్పాలా?

డబ్బులో చూద్దాం. నెలకు 15,000 ఆదాయాన్ని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే, సొంత పని చేసుకునే నలభై ఏళ్లలోపు వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. 21,000 అవుతుంది. ఏడాదికి 2,52,000. మీ వయసుకు గుణకం, అంటే ఆ ఏడాది మొత్తాన్ని హెచ్చవేసే అంకె, 16. అంటే 40,32,000. ఇందులో సంపాదన నష్టం ఇరవై శాతమే అంటే 8,06,400. నలభై శాతమని రుజువైతే 16,12,800. వైద్య ఖర్చులు, నొప్పికీ బాధకీ ఇచ్చేది, పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ వేరు. ఇంతే వస్తుందని నేను మాట ఇవ్వడం లేదు, జడ్జిగారు ఆదాయం తగ్గించి లెక్క కట్టవచ్చు. అయినా ఆ డెబ్బై వేలు దేని పక్కన నిలబడుతుందో చూడండి.

అందుకే మీ కేసు బలమంతా రుజువులో ఉంది. రోజుకు ఎన్ని జాకెట్లు కుట్టేవారో రాసుకున్న నోటు పుస్తకం, ఫోన్‌పేలో వచ్చిన కూలి డబ్బులు, మిషన్ కొన్న రసీదు, గుడ్డ ఇచ్చే ఇద్దరు ముగ్గురు ఖాతాదారుల సాక్ష్యం, అన్నీ పోగు చేయండి. సాక్ష్యం చెప్పేటప్పుడు ‘చెయ్యి నొప్పి’ అని ఊరుకోకండి. కత్తెర పిడిలో బొటనవేలు దూర్చి బిగించలేకపోవడం, సూది కిందికి గుడ్డ తోసేటప్పుడు మణికట్టు తిప్పలేకపోవడం, కాజాలు కుట్టడానికి చిన్న సూది పట్టు దొరకకపోవడం, ఇవన్నీ చెప్పండి. జడ్జిగారికి మీ పని తెలియదు, మీరే చూపించాలి.

సర్టిఫికెట్‌లో 20 శాతం కుడి చేతికా, మొత్తం శరీరానికా అన్నది రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించండి. కాగితం ఒక్కటీ దాఖలు చేస్తే సరిపోదు, ఆ డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. నా అనుభవంలో మంచి కేసులు ఎక్కువగా నీరుగారేది ఇక్కడే. డాక్టరుకు తీరిక లేదని లాయరు వదిలేస్తే, కమిషన్ వేయించి, అంటే కోర్టు తరఫున ఒకరిని పంపించి, ఆసుపత్రిలోనే సాక్ష్యం నమోదు చేయించమని అడగండి. ప్లేటు తీయడానికి మళ్లీ ఆపరేషన్ ఉంటే ఆ ఖర్చు అంచనా కూడా ఆయన దగ్గరే రాయించుకోండి.

హెల్మెట్ గురించి భయపడకండి. దెబ్బ తగిలింది చేతికి, తలకు కాదు. మీవారిది కూడా కొంత తప్పని అవతలివాళ్లు వాదించినా, వెనక కూర్చున్న మీకు ఆ వాటా కోసి ఇవ్వరు. కారు తరఫు నుంచే మొత్తం అడగవచ్చు.

ఓపీ, అంటే పరిహారం పిటిషన్, వేయడానికి ప్రమాదం జరిగిన చోటికే వెళ్లక్కర్లేదు, మీరుంటున్న జిల్లా ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు ఇచ్చే పత్రం), డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, ఒరిజినల్ బిల్లులు, కారు పాలసీ నకలు కావాలి. పాలసీ వివరాలు పోలీస్ స్టేషన్లో దొరుకుతాయి. ఓనరు కట్టిన సగం బిల్లు దాచకండి, మీ చేతి నుంచి పోయింది మాత్రమే అడగండి.

‘వచ్చినదాంట్లో మూడో వంతు మాది’ అంటూ సంతకాలు పెట్టించుకునేవాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంటారు. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే నిషిద్ధం. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే వెళ్లండి, మంచి మొత్తం ఇస్తే ఒప్పుకోండి కూడా. కాకపోతే అక్కడ అవార్డు (రాజీ మీద ఇచ్చే తీర్పు) అయ్యాక అప్పీలు ఉండదు కాబట్టి, పైన వేసిన లెక్క చేతిలో పెట్టుకుని కూర్చోండి.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణలో, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వేయాలని పెట్టారు. మీకు నాలుగు నెలలు అయిపోయాయి. ఓనరు ‘వచ్చే వారం మాట్లాడదాం’ అంటూ ఉంటే మిగిలిన రెండూ అలాగే గడిచిపోతాయి. పిటిషన్ వేసేశాక కూడా ఆయనతో మాట్లాడుకోవచ్చు, ఈ వారమే కాగితాలు పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి.