పగిలిన కార్బన్ ఫైబర్ బానెట్‌కు ఈఎంఐ అవసరమా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ. జీతం చేతికి 72,000 రూపాయలు వస్తుంది. గృహరుణం వాయిదా 24,000 పోగా, ఇంటి ఖర్చులు తీరాక నెలకు తొమ్మిది వేల దాకా మిగులుతుంది. మూడేళ్ల క్రితం కారుకు కార్బన్ ఫైబర్ (కార్బన్ నార గుడ్డ పొరలతో చేసిన) బానెట్ వేయించాను. కారుతో వచ్చిన ఇనుప బానెట్ మెట్ల కింద ఉంది. ఎండకు ఆ కార్బన్ బానెట్ పసుపుబారి, పైపూత పెచ్చులు లేస్తోంది. ఇటీవల కొబ్బరి మట్ట పడి లాక్ దగ్గర జానెడు పగులు కూడా వచ్చింది. ఆటోనగర్‌లో పగులుకు 7,500, పైపూతకు 10,500 అడుగుతున్నారు. కొత్తదైతే 65,000. క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద కొత్తది తీసుకోవాలా, 1,10,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ తెంచాలా, బీమా క్లెయిము చేయాలా?

జవాబు: మెట్ల కింది ఇనుప బానెట్ గురించి మీరు మాటవరసకు రాశారు గానీ, ఈ ఉత్తరంలో అన్నింటికన్నా విలువైన వాక్యం అదే. పగులు లాక్ దగ్గర ఉంది కనుక, వేగంగా వెళ్తున్నప్పుడు బానెట్ తెరుచుకుని అద్దం మీదికి లేచే ప్రమాదం ఉంది. ఆ బండిని అలాగే హైవే ఎక్కించవద్దు. ఈ వారంలోనే పాత బానెట్ బిగింపించండి. సముద్రపు గాలికి అంచుల్లో తుప్పు పట్టి ఉంటే గీకించి పూత వేయించండి. దీనితో తొందర తీరిపోతుంది. తొందర తీరితే అప్పు అవసరమూ తీరుతుంది.

ఈఎంఐ లెక్క చూడండి. 65,000 రూపాయలకు ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే పన్నెండు నెలలపాటు నెలకు సుమారు 5,867 కట్టాలి. వడ్డీ 5,400, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 970, ప్రాసెసింగ్ రుసుము అదనం. ఇంత పెట్టి కొన్నదీ అదే ఎండలో నిలబడుతుంది.

బీమా మాటకొస్తే, ఎండకు పైపూత పోవడం అరుగుదల కిందికి వస్తుంది కనుక దానికి పరిహారం రాదు. పగులు ప్రమాదమే అయినా, బయట వేయించిన బానెట్‌ను పాలసీలో చూపించి అదనపు ప్రీమియం కట్టకపోతే ఆ క్లెయిము నిలవదు. చూపించారనే అనుకుందాం. మూడేళ్లుగా క్లెయిము లేకుండా 35 శాతం నో క్లెయిమ్ బోనస్‌లో (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ) ఉన్నారని, ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియం 10,000 అని అనుకుంటే, ఒక్క క్లెయిముతో ఆ రాయితీ సున్నాకు పడి మళ్లీ మెట్టు మెట్టుగా పెరగాలి కనుక, వచ్చే ఏడాది 4,500, ఆపై 3,000, మూడో ఏడు 2,500, మొత్తం 10,000 రూపాయల రాయితీ పోతుంది. 7,500 పనికి అరుగుదల కోతలు, క్లెయిములో మీరే భరించాల్సిన తప్పనిసరి మొత్తం పోగా చేతికొచ్చేది ఇంకా తక్కువ.

కాబట్టి బాగుచేతే మేలు, అయితే సంక్రాంతి దాకా ఆగండి. వానల్లో, తుపాన్ల రోజుల్లో గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు కొట్టిన క్లియర్ కోట్ (పారదర్శకమైన పైపూత) పాలలా తెల్లబారే అవకాశం ఉంది. సెప్టెంబరు నుంచి నెలకు 5,500 చొప్పున పొదుపు ఖాతాలో విడిగా వేస్తే నాలుగు నెలలకు 22,000 అవుతుంది. 18,000 బిల్లుకు జీఎస్టీ కలిపినా 21,240 మాత్రమే. ఫిక్స్‌డ్ డిపాజిట్ జోలికి వెళ్లవద్దు; మీకున్న అత్యవసర నిధి అదొక్కటే.

డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. రూపాయి బిళ్లతో పగులు చుట్టూ మెల్లగా తట్టుతూ రండి. గట్టిచోట ఖణేల్‌మని మోగుతుంది. పొరలు విడిపోయినచోట మొద్దుగా పలుకుతుంది. ఆ మొద్దు శబ్దం పగులు దాటి చుట్టూ అరచేతి వెడల్పు మేర పాకితే 7,500 అంచనా నిలబడదు, అప్పుడు మళ్లీ లెక్క వేసుకోవాలి. షెడ్డువారు పై నుంచి లప్పం పూసి సరిపెడతామంటే ఒప్పుకోకండి. లోపలి వైపు నుంచి ఎపాక్సీ జిగురుతో కొత్త కార్బన్ గుడ్డ పొరలు అతికించి, అది పూర్తిగా గట్టిపడ్డాకే పైపని మొదలుపెట్టాలి. పసుపుబారిన పొరను వాటర్ పేపర్‌తో (నీటితో రుద్దే గరుకు కాగితం) రుద్దేటప్పుడు నల్లటి ధూళి కనిపించిందంటే పేపర్ కార్బన్ నార దాకా దిగిందని అర్థం. తెగిన నార మళ్లీ అతకదు. ఇంట్లో మీరే చేసుకుంటే మిగిలే 10,500 కోసం 65,000 వస్తువును పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఎండను తట్టుకునే యూవీ రక్షణ ఉన్న క్లియర్ కోట్ పేరును బిల్లులో రాయించుకోండి, కొత్త పూతతో బండి ఇంటికి వచ్చాక కవరు వేసి ఉంచండి.