ఇంటర్వ్యూ వచ్చే వారం పెట్టుకుని ఇప్పుడు కోర్సు మాటెందుకు?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి ఈ ఏడాదే ఈఈఈలో బీటెక్ పూర్తి చేశాడు. వచ్చే వారం పరవాడ ఫార్మా సిటీలో ట్రైనీ ఇంజినీర్ ఇంటర్వ్యూ ఉంది. వాడికి ఇంగ్లిష్ గడగడా రాదు, కొత్తవాళ్ల ముందు నోరు తెరవడు. వైజాగ్‌కి గూగుల్ వస్తోంది కాబట్టి హైదరాబాద్‌లో ఏఐ కోర్సు చేయించమని బంధువులు అంటున్నారు. ఫీజు లక్ష దాటుతుంది. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. అసలే ఫార్మా కంపెనీ, నైట్ డ్యూటీలు కూడా ఉంటాయట. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇంగ్లిష్ గురించీ ఏఐ గురించీ అంత రాసి, అసలు భయాన్ని చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. మీ వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఇలాగే అడుగుతారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది పోయారు. ఆ వార్త విన్న ఏ తల్లికైనా గుండె జారుతుంది. మీరు భయపడటం తప్పని నేను అనను. కానీ ఆ భయాన్ని దాచుకుని, ‘వీడికి ఇంగ్లిష్ రాదు, వీడు మాట్లాడలేడు’ అని పిల్లాడి ముందే అంటున్నారే, అది మాత్రం తప్పే. అమ్మ భయపడుతోందని అతనికి అర్థం కాదు. తను పనికిరానని అర్థమవుతుంది. ఆ మాట మోసుకుని వెళ్లినవాడికి తెలిసిన జవాబు కూడా నోట్లోంచి రాదు.

ఇంటర్వ్యూకి పంపండి. కోర్సు సంగతి తర్వాత చూద్దాం.

విశాఖలో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. నిజమే, మన ఊరికి పెద్ద విషయమే. అయితే ఆ హబ్ అంటే ముఖ్యంగా డేటా సెంటర్. దాన్ని వేలమంది కూర్చుని కోడ్ రాసే ఆఫీసు అనుకుంటున్నారు. అది సర్వర్లతో నిండిన హాళ్లు. వాటికి కరెంటు క్షణం కూడా పోకూడదు, అవి వేడెక్కకూడదు. అందుకోసం సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్‌లు, డీజీ సెట్లు (డీజిల్ జనరేటర్లు), చల్లబరిచే చిల్లర్లు ఉంటాయి. వాటిని చూసుకునేది ఈఈఈ, మెకానికల్ చదివినవాళ్లే. ఫార్మా ప్లాంటు యుటిలిటీస్‌లో, అంటే కరెంటు, చల్లదనం లాంటివి అందించే విభాగంలో, రెండేళ్లు చేస్తే మీ అబ్బాయికి ఇలాంటి యంత్రాలే చేతికి అలవాటవుతాయి. అంటే గూగుల్ పేరు చెప్పి, గూగుల్‌కి పనికొచ్చే చదువునే పక్కన పెట్టిస్తున్నారు.

ఈ కొద్ది నెలల ఏఐ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ నాలుగేళ్లు చదివినవాళ్లతో ఒకే వరసలో నిలబడాలి. ‘ఉద్యోగం గ్యారంటీ’ అంటే ఏ ఉద్యోగం, ఎంత జీతం, రాకపోతే ఫీజు వెనక్కి ఇస్తారా, కాగితం మీద రాసిమ్మని అడగండి. బాబుకి నిజంగా ఆసక్తి ఉంటే ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) పాఠాలు ఉచితంగా వినొచ్చు. కొన్నాళ్లు విన్నాక కూడా ఇష్టం నిలిస్తే అప్పుడు డబ్బు గురించి మాట్లాడుకుందాం.

ఇక ఇంటర్వ్యూ. ప్లాంటు ఉద్యోగాలకి ఎదురుగా కూర్చునేవాళ్లలో మెయింటెనెన్స్ ఇంజినీరు ఉంటాడు. ‘పెద్ద మోటారుకి స్టార్-డెల్టా స్టార్టర్ ఎందుకు?’ అంటాడు. మోటారుని మొదట తక్కువ వోల్టేజీతో (స్టార్) తిప్పి, వేగం అందుకున్నాక పూర్తి వోల్టేజీకి (డెల్టా) మార్చే పరికరం అది. నేరుగా స్టార్ట్ చేస్తే ఫుల్ లోడ్ కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుందని, స్టార్‌లో మొదలుపెడితే లైన్ కరెంటు మూడో వంతుకి తగ్గుతుందని పిల్లలు చెప్తారు. వెంటనే ‘మరి టార్క్ (తిప్పే బలం)?’ అని వస్తుంది. బట్టీ పట్టినవాళ్లు ఆగిపోయేది అక్కడే. టార్క్ కూడా మూడో వంతుకే పడిపోతుంది, అందుకే మొదట్నుంచీ భారీ లోడ్ ఉండే యంత్రానికి అది సరిపడదు అని చెప్పగలిగితే చాలు, ఇంజినీరు ముందుకు జరిగి కూర్చుంటాడు. దీనికి గడగడా ఇంగ్లిష్ ఎందుకమ్మా? కాగితం అడిగి సర్క్యూట్ గీసి, వచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పి, మాట తట్టని చోట ‘తెలుగులో చెప్పొచ్చా సార్’ అంటే మన ప్లాంట్లలో చాలామంది కాదనరు.

సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టించకండి. రెజ్యూమెలో రాసిన ప్రతి లైనుకీ, ముఖ్యంగా ప్రాజెక్టుకీ, ‘ఎందుకు’ అని మూడుసార్లు అడిగినా చెప్పగలగాలి. చెప్పలేని లైను కొట్టేయమనండి. గాజువాకలో స్టీల్ ప్లాంట్‌లోనో షిప్‌యార్డ్‌లోనో చేసి రిటైరైనవాళ్లు వీధికొకరు దొరుకుతారు. ఓ రెండు సాయంత్రాలు అలాంటి పెద్దాయన దగ్గరికి పంపండి. లక్ష రూపాయల కోర్సు నేర్పనిది ఆయన అరుగు మీద నేర్పుతాడు.

చివర్లో ‘నువ్వేమైనా అడుగుతావా?’ అంటారు. ట్రైనీలకి పర్మిట్ టు వర్క్ (ప్రమాదకరమైన పనికి ముందు తీసుకునే రాతపూర్వక అనుమతి), లాకౌట్-ట్యాగౌట్ శిక్షణ ఎలా ఇస్తారని అడగమనండి. రిపేరుకి ముందు కరెంటు తీసి, స్విచ్‌కి తాళం వేసి, ఆ తాళంచెవి పనిచేసేవాడే దగ్గర పెట్టుకోవడమే లాకౌట్. పక్కవాడు తెలియక స్విచ్ వేసే ప్రమాదం ఉండదు. మంచి ప్లాంటు ఈ ప్రశ్నకి సంతోషిస్తుంది. విసుక్కున్నారా, అక్కడ చేరొద్దని నేనే చెప్తాను.

నైట్ షిఫ్టుల గురించి హెచ్‌ఆర్ తప్పకుండా అడుగుతారు. చేస్తాడో లేదో ఇంట్లో ముందే తేల్చుకోండి. అక్కడ ‘అమ్మని అడిగి చెప్తాను’ అనే పరిస్థితి తేవద్దు. మీరు గేటు దాకా వెళ్లొద్దు, హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయొద్దు. తిరిగొచ్చిన బాబుని గుమ్మంలోనే నిలదీయొద్దు, ముందు అన్నం పెట్టండి.

ఆఫర్ వస్తే, ఇన్నేళ్లు మానకూడదనే బాండ్ ఉందేమో చదివాకే సంతకం చేయమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, వాళ్ల దగ్గర ఉంచకూడదు. ఒకవేళ రాకపోతే, అడిగిన ప్రశ్నలన్నీ ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాసుకోమనండి. వాటిలో చాలా ప్రశ్నలు తర్వాతి కంపెనీలో మళ్లీ ఎదురవుతాయి.