తలకు దెబ్బ తగిలి గుణం మారిపోతే, అతను పాత మనిషేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రమాదం తరువాత మీ బాబాయి ముక్కోపిగా మారారనీ, లోపల ముందునుంచీ ఉన్న గుణమే ఇప్పుడు బయటపడిందని బంధువులు అంటున్నారనీ రాశారు. మెదడుతో పాటు మనిషీ మారిపోతే, మనసు, ఆత్మ అని మనం చెప్పుకునేవన్నీ మెదడేనా అని అడిగారు. నేను డాక్టరును కాను. మా అన్నయ్య వల్ల పన్నెండేళ్లుగా ఇదే ప్రశ్నతో బతుకుతున్నాను కాబట్టి రాస్తున్నాను.

అన్నయ్య తెనాలి దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. 2013లో ఒక రాత్రి మిల్లు నుంచి బండి మీద ఇంటికి వస్తూ, దీపం లేకుండా రోడ్డు వారగా ఆపిన ధాన్యం ట్రాక్టరును గుద్దుకున్నాడు. హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. పదకొండు రోజులు స్పృహ లేదు. నుదుటి వెనక మెదడు రెండువైపులా నలిగిందనీ, ఎడమవైపు రక్తం గడ్డకట్టిందనీ స్కానింగులో తేలింది. ఆపరేషన్ చేసి ఆ గడ్డ తీశారు. నలభై రోజులకు ఇల్లు చేరాడు. నడిచాడు, మాట్లాడాడు, అందరినీ పేరుపేరునా పలకరించాడు. అమ్మ మొక్కు తీర్చుకుంది. గండం గడిచిందనుకున్నాం.

మొదటి తేడా పప్పుచారు దగ్గర తెలిసింది. ఇంగువ వాసన రావడం లేదన్నాడు. మరోరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతున్నా పక్కగదిలో నిశ్చింతగా కూర్చున్నాడు. అదేమంత పెద్ద విషయం కాదనుకున్నాం. చాలా నెలల తరువాత ఒక న్యూరాలజిస్టు మాకు ఓపికగా వివరించారు. వాసన తెచ్చే సన్నని నరాలు ముక్కు పైనున్న ఎముక రంధ్రాల గుండా మెదడు ముందుభాగం అడుగుకు వెళ్తాయట. వేగంగా పోతున్న తల ఒక్కసారిగా ఆగితే, మెదడు లోపల ముందుకు జారి గరుకైన ఎముక మీద ఒరుసుకుంటుంది. ఆ నరాలు తెగుతాయి, వాటి పైనున్న భాగం నలుగుతుంది. తన్నుకొచ్చే మాటను ఆపుకోవడం, ఎదుటివారి ముఖం చూసి ధోరణి మార్చుకోవడం, రేపు ఏమవుతుందోనని వెనకాడడం చాలావరకు ఆ భాగం మీదే ఆధారపడి ఉంటాయి. ఇంగువ వాసన పోయిన చోటే మా అన్నయ్య ఓర్పు కూడా పోయింది.

మామయ్య పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర పకపకా నవ్వాడు. నలుగురిలో వదినను అనరాని మాటలన్నాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే ఎందుకు ఏడుస్తున్నావని నిజంగానే అర్థం కాక అడిగాడు. స్నానం చెయ్యమంటే చేస్తాడు, చెప్పకపోతే పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంటాడు. ఊళ్లో దాన్ని బద్ధకమన్నారు. పనికి పూనుకోవడం కూడా మెదడు చేసే పనేనని అప్పట్లో మాకూ తెలియదు. నేనూ కసురుకున్నాను.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది డబ్బు సంగతి. అన్నయ్య లెక్క చెక్కుచెదరలేదు. బస్తా ధర చెబితే నూట ఇరవై ఏడు బస్తాల మొత్తం కాగితం లేకుండా చెప్పేవాడు. ఒకరోజు అడిగాను: "పెద్దగా పరిచయం లేని మనిషి రెండు లక్షలకు హామీ సంతకం పెట్టమంటే పెడతావా అన్నయ్యా?" "ఎలా పెడతానురా? అతని ఆస్తిపాస్తులు చూడాలి, నోటు చదవాలి, సాక్షులెవరో తెలియాలి" అని నాకు పాఠం చెప్పాడు. పది రోజులు తిరక్కుండానే సరిగ్గా అలాంటి మనిషికే సంతకం పెట్టి వచ్చాడు. ఎందుకు పెట్టావంటే, "అడిగాడు, పెట్టాను" అన్నాడు. ఆ జవాబులో అబద్ధం లేదు, దాపరికం లేదు. తెలిసి ఉండడం వేరు, ఆ తెలివి సమయానికి వచ్చి చెయ్యి పట్టుకుని ఆపడం వేరు. నేను అంతవరకూ ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

అందుకే మీ బంధువుల మాట నేను ఒప్పుకోను. చేదు మాట అందరికీ నోటిదాకా వస్తుంది. దాన్ని మింగేసే అరక్షణం ఒకటి ఉంటుంది. ఆ అరక్షణం కూడా నేనే. అన్నయ్యలో దెబ్బతిన్నది అది. కోపాన్ని అసలు మనిషిగా, నిగ్రహాన్ని వేషంగా లెక్కకట్టడం చాలా అన్యాయం. మీ బాబాయి ఇన్నేళ్లు ఓర్పుగా బతికారంటే, ఆ ఓర్పు నటన కాదు.

ఇలాంటి చర్చల్లో ఫినియస్ గేజ్ పేరు తప్పకుండా వస్తుంది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా, దాదాపు ఆరు కిలోల ఇనుపకడ్డీ ఎడమ చెంప కింద దూరి మాడు చీల్చుకుని బయటపడింది. అతను బతికాడు. చికిత్స చేసిన డాక్టర్ హార్లో ఇరవై ఏళ్ల తరువాత రాస్తూ, స్నేహితులు అతన్ని "ఇక గేజ్ కాదు" అన్నారని నమోదు చేశాడు. కథ చెప్పేవాళ్లు చాలామంది అక్కడే ఆపేస్తారు. నాకు అది బాధ కలిగిస్తుంది. గేజ్ ఆ తరువాత చిలీ దేశానికి వెళ్లి, కొన్నేళ్ల పాటు గుర్రపు బండ్లు తోలాడు. వేళకు లేవాలి, గుర్రాలను కట్టాలి, ప్రయాణికులతో మర్యాదగా మెలగాలి, గతుకుల దారిలో గుర్రాలను అదుపులో పెట్టాలి. పూర్తిగా చెడిపోయిన మనిషి చేయగల పని కాదది. 1860లో చనిపోయేనాటికి అతను మళ్లీ ఎంతో కొంత గేజ్ అయ్యే ఉంటాడని నా నమ్మకం. రోజూ ఒకే వేళకు, ఒకే వరసలో సాగే పని అతని చుట్టూ కంచెలా నిలిచి ఉంటుంది.

ఇక ఆత్మ సంగతి. మా పెద్దనాన్న ఒక పోలిక చెప్పేవారు: ఆత్మ ప్రసార కేంద్రం, మెదడు రేడియో పెట్టె; పెట్టె పాడైతే గరగరలు వస్తాయి కానీ పాటకు ఏమీ కాదు. కొన్నాళ్లు అది నాకు ఊరట. తరువాత నిలబడలేదు. అన్నయ్య విషయంలో గరగరలు లేవు. గొంతు స్పష్టంగానే ఉంది, మారింది పాటే.

మనవాళ్లు ఈ సంగతి ఆలోచించలేదని కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతును పదిహేను రోజులు అన్నం మానమంటాడు, నీళ్లు మాత్రం తాగవచ్చంటాడు. పదహారో రోజు వేదం చెప్పమంటే ఒక్క మంత్రమూ గుర్తురాదు. తిని వచ్చాక అన్నీ గుర్తొస్తాయి. "అన్నమయం హి సోమ్య మనః", అంటే మనసు అన్నంతోనే తయారైంది నాయనా, అని తండ్రి చెబుతాడు. ఇంత సూటి ప్రయోగం చదివి నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. సాంఖ్య దర్శనం వాళ్లు ఇంకా ముందుకు వెళ్లి, మనసుతో పాటు బుద్ధిని, అహంకారాన్ని (నేను అనే భావాన్ని) కూడా ప్రకృతిలోనే, అంటే జడపదార్థంలోనే కలిపారు. వారు పురుషుడు అని పిలిచే ఆత్మ కేవలం సాక్షి. ఆత్మను, పరలోకాన్ని నమ్మని చార్వాకులైతే ఆ సాక్షిని కూడా ఒప్పుకోలేదు. పులిసిన పిండిలో మత్తు పుట్టినట్టు మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాల కలయికలో చైతన్యం పుడుతుందన్నారు. ఆలోచించే ఆత్మ శరీరం నుంచి పూర్తిగా వేరని గట్టిగా చెప్పిన ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్‌ను, శరీరం కాని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లోనే ఉత్తరం రాసి నిలదీసింది.

నేను ఎక్కడ నిలబడ్డానో చెప్తాను. ఓర్పు, సిగ్గు, జాలి, పూనిక శరీరానివే. వాటిని మెదడు నుంచి విడదీసి చూసే వీలు నాకు మిగల్లేదు. వాటి వెనక సాక్షి ఒకడు ఉన్నాడా లేడా అన్నది నా అనుభవం తేల్చేది కాదు. ఒకవేళ ఉన్నా, ఆ సాక్షికి మిల్లు లెక్కలు రావు, వదిన మీద ప్రేమ లేదు. మాకు కావలసింది ఆ లెక్కలు, ఆ ప్రేమ ఉన్న మనిషే.

ఆ మనిషి కోసం ఏం చేశామో కూడా చెప్పాలి. బండి తాళాలు దాచాం. వదిన సంతకం లేకుండా బ్యాంకులో డబ్బు తీయలేని ఏర్పాటు చేశాం. అరిచినప్పుడు వాదించడం మాని, కాసేపు పక్కగదికి వెళ్లడం నేర్చుకున్నాం. నాడీ మనోవిజ్ఞాన నిపుణులకు (న్యూరోసైకాలజిస్టులకు) చూపించాం. మీరూ తప్పక చూపించండి, మామూలు స్కానింగు చెప్పనివి వాళ్ల పరీక్షల్లో తెలుస్తాయి. మీ పిన్నిగారిని కూడా కాస్త చూసుకోండి. వదిన మూడేళ్లు సరిగా నిద్రపోలేదు, మేం అది ఆలస్యంగా గమనించాం.

అన్నిటికన్నా పనికొచ్చిన ఉపాయం వదినదే. మిల్లులో వాడే పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తెచ్చి, జమ వైపు ఆరోజు చేయవలసిన పనులు రాసింది: స్నానం, మందులు, మొక్కలకు నీళ్లు, సాయంత్రం నడక. చేశాక ఖర్చు వైపు అన్నయ్య రాయాలి. మనం నోటితో చెబితే విసుక్కునే మనిషి, పుస్తకంలో బాకీ కనబడితే మాత్రం ఊరుకోలేడు. రాత్రికి రెండు వైపులా సరిపోవలసిందే. పదిహేనేళ్ల గుమాస్తాగిరీ అతనిలో ఎక్కడ మిగిలిందో తెలియదు కానీ, మిగిలింది.

కిందటి నెల ఇంటికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం తిరగేశాను. జమ వైపు అంతా వదిన రాతే. ఒక పేజీలో చివరి వరస మాత్రం అన్నయ్య చేతిరాత: "అమ్మకు కళ్ల డాక్టరు." వదినను అడిగితే, తను చెప్పలేదంది. అమ్మా చెప్పలేదంది.