మీరు అడిగారు: జపాన్ తెల్ల డబ్బా బండి కథ

ఈసారి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో బండ్ల గురించే ఎక్కువ ఉన్నాయి. ఒకదానికొకటి కలిసే ప్రశ్నలు కాబట్టి ఒకేచోట జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా మేనల్లుడు కెన్యాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు పంపే ఫొటోల్లో ఏ వీధి చూసినా ఒకటే రకం తెల్ల డబ్బా కారు. టయోటా ప్రోబాక్స్ అంట. మన దగ్గర ఒక్కటీ కనబడదేం? (ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: అది జపాన్‌లో ఆఫీసుల కోసం తయారైన బండి. 2002 జులైలో వచ్చింది. అంతకుముందు ఆ పని టయోటా వాళ్ల కరోలా వ్యాన్ చేసేది. మామూలు కరోలా రూపం మార్చుకుంటూ పోతున్నా వ్యాన్ మాత్రం 1991 నాటి బాడీతోనే 2002 దాకా లాక్కొచ్చింది, ఎందుకంటే సరుకు వేసుకెళ్లే బండి అందంగా లేదని ఎవరూ ఫిర్యాదు చేయరు. దాని స్థానంలోకి వచ్చిన ప్రోబాక్స్‌ని మొదటి నుంచీ సరుకు బండిగానే గీశారు. వెనక భాగం నిటారుగా గోడలా ఉంటుంది, అట్టపెట్టెలు పేర్చితే మూలల్లో చోటు వృథా పోదు.

ఈ బండిని కొనేది కంపెనీ, రోజంతా అందులో బతికేది సేల్స్ కుర్రాడు. సోకులు ఏమీ ఉండవు గానీ డాష్‌బోర్డులోంచి బయటికి లాగే చిన్న బల్ల ఉంటుంది, దాని మీద బిల్లులు రాసుకోవచ్చు, టిఫిన్ డబ్బా పెట్టుకుని తినొచ్చు. 2014లో పెద్ద మార్పులు చేసినప్పుడు లీటరు అట్టపెట్టె పానీయం నిలబెట్టుకునే చోటు కూడా ఇచ్చారు. బయట నుంచి చూస్తే ముందు మొహం తప్ప పెద్ద తేడా కనబడదు. 2018లో హైబ్రిడ్ వచ్చింది. డ్రైవరు ఎండలో ఎక్కడ ఆపి అన్నం తింటాడో ఆలోచించి బండి గీయడం, నాకైతే ఖరీదైన కార్ల తోలు సీట్ల కంటే గొప్ప పనే అనిపిస్తుంది.

ఇక కెన్యా సంగతి. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపు. ఎనిమిదేళ్లు దాటని పాత బండ్లను దిగుమతి చేసుకోనిస్తారు. జపాన్ కంపెనీలు వాడి వదిలేసినవి వేలంలో అమ్ముడై ఓడెక్కి మొంబాసా రేవులో దిగుతాయి. అక్కడ అదే షేర్ టాక్సీ, అదే కూరగాయల బండి. మేరు ప్రాంతంలో పండే మిరా అని ఒక ఆకు ఉంది, కోసిన వెంటనే తాజాగా నమలాలి, వాడిపోతే ధర పడిపోతుంది. ఆ ఆకు మోసే ప్రోబాక్స్‌లు రోడ్డు మీద ఎంత వేగంగా పోతాయో మీ మేనల్లుడిని అడగండి, చెబుతాడు. పెరూ, బొలీవియాల్లో కుడివైపు నడపాలి, అయినా వాళ్లు స్టీరింగ్ పీకి అవతలి వైపు బిగించి మరీ వాడుకున్నారు.

ప్రశ్న: ప్రోబాక్స్‌లో అయిదు సీట్లు ఉన్నాయి కదా, మరి దాన్ని వ్యాన్ అంటారేం? వెనక సీటు బల్లలా నిటారుగా ఎందుకుంది? (మందుల డిస్ట్రిబ్యూటర్, రాయగడ)

జవాబు: ఆ సీటుని అలా చేసింది చట్టం. జపాన్‌లో నంబరు ప్లేటు మీద పైన ఉండే వర్గం అంకె 4తో మొదలైతే చిన్న సరుకు బండి, 5తో మొదలైతే చిన్న కారు. రెండింటికీ కొలతల హద్దు ఉంది: పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు దాటకూడదు. 4 నంబరు దొరకాలంటే సరుకు పెట్టే చోటు మనుషులు కూర్చునే చోటు కంటే తక్కువ ఉండకూడదు. దాంతో వెనక సీటు పలచబడి ముందుకి జరిగిపోయింది. బదులుగా ఏటా కట్టే పన్ను బాగా తక్కువ. కాకపోతే తనిఖీ తరచుగా ఉంటుంది: కొత్త కారుకి మొదట మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి అయితే, చిన్న సరుకు బండికి మొదట రెండేళ్లకు, ఆ తర్వాత ఏటా. ఎలాగూ తనిఖీకి ఖర్చు పెట్టాలి కాబట్టి కంపెనీలు మరమ్మతులు వాయిదా వేయవు, పాతదైనా ఇంజను బాగుంటుందని ఆఫ్రికా కొనుగోలుదారుల నమ్మకం.

ప్రశ్న: నిస్సాన్ ఏడీ అనే బండి మజ్దా, మిత్సుబిషి, సుబారు పేర్లతోనూ కనబడింది. నకిలీలా? (మెకానిక్, జయపురం, కొరాపుట్ జిల్లా)

జవాబు: నకిలీలు కావు, ఒప్పందం మీద అమ్మినవే. ఏడీ వ్యాన్ 1982లో వచ్చింది. అప్పటిదాకా నిస్సాన్ తన సన్నీ కారుకి ఒక వ్యాన్, పల్సర్ కారుకి ఒక వ్యాన్ అంటూ విడివిడిగా చేసేది, అన్నీ కలిపి ఒకటే బండి చేసింది. 1990లో రెండో తరం, 1999లో మూడోది, 2006లో నాలుగోది. కుటుంబాల కోసం చేసిన అన్నదమ్ముడు వింగ్‌రోడ్, ఆ పేరు 1996లో మొదలైంది. సరుకు వ్యాన్‌లో లాభం పలచన, ప్రతి కంపెనీ సొంతంగా గీసుకుంటే గిట్టదు. అందుకే 1994 నుంచి మజ్దా దీన్నే ఫమీలియా వ్యాన్ అని అమ్మింది, సుబారు కొన్నాళ్లు లియోన్ వ్యాన్ అంది, 2008 నుంచి మిత్సుబిషి లాన్సర్ కార్గో అంది. తమాషా ఏంటంటే 2018లో మజ్దా పక్కకి దూకింది, ఇప్పుడు ఫమీలియా వ్యాన్ అంటే లోపల ఉన్నది ప్రోబాక్స్. మీ దగ్గరికి ఎవరైనా స్పేర్ పార్టు అడుగుతూ వస్తే పేరు వదిలేసి చాసిస్ నంబరు చూడండి.

ప్రశ్న: జపాన్ నుంచి ఇలాంటి బండి ఒకటి తెప్పించుకుంటే ఎంతవుతుంది? (మిర్చి వ్యాపారి, ధర్మాబాద్)

జవాబు: వదిలేయండి. వాడిన బండి మూడేళ్లు దాటకూడదు, ముంబయి రేవులోనే దిగాలి, సుంకం పన్నులు కలిపితే బండి ధరను మించిపోతాయి. నిస్సాన్ తన ఎన్‌వీ200 వ్యాన్‌ని 2012లో చెన్నై దగ్గర ఒరగడంలో తయారుచేసి ఎవాలియాగా అమ్మింది, దాన్నే మరుసటి ఏడు అశోక్ లేలాండ్ స్టైల్ అంది. రెండూ నడవలేదు. మనవాళ్లకి అది కారుగా అందంగా కనబడలేదు, సరుకుకైతే ధర ఎక్కువ అనిపించింది.

ప్రశ్న: చీరల వ్యాపారం. వారమంతా పర్లాకిమిడి, పాతపట్నం మధ్య సరుకు, ఆదివారం పిల్లలతో అరసవల్లి. రెండిటికీ ఒకే బండి కావాలి. తెల్ల ప్లేటుతో నడిపిస్తే టెన్షనా? (ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: టెన్షనేనమ్మా. పోలీసు ఆపడం చిన్న విషయం, వ్యాపార సరుకుతో యాక్సిడెంట్ అయితే బీమా కంపెనీ ప్రైవేట్ కారు పాలసీ చూపించి చేతులెత్తేయొచ్చు. పసుపు ప్లేటుతో మారుతి ఈకో కార్గో వ్యాన్ తీసుకుంటే, మొత్తం బరువు 3,000 కిలోలకు లోపే కాబట్టి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఎనిమిదేళ్ల దాకా ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. మామూలు కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, కాబట్టి మీరే నడుపుకోవచ్చు. కానీ అందులో ఉండేవి రెండు సీట్లే. జపాన్‌లో సరుకు ప్లేటు మీదే అయిదుగురు కూర్చోవచ్చు, ఇక్కడ పిల్లల్ని వెనక చీరల మూటల మీద కూర్చోబెట్టి తీసుకెళ్లడానికి లేదు. మీ సరుకు వారంలో రెండు మూడు సార్లే వెళ్తుందనుకుంటే, అయిదు సీట్ల బండి ఇంటికి కొనుక్కుని మూటలకి ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. రోజూ వెళ్తుందనుకుంటే కార్గోనే కొని, అరసవల్లికి బస్సెక్కండి.