తమ్ముడి స్కాలర్‌షిప్ సరే, మీ ఆవిడ మాటేమిటి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్న పోయాక తమ్ముడి చదువు బాధ్యత నాదే అయింది. ఇంటర్ మా ఇంట్లోనే ఉండి చదివాడు. తర్వాత అమెరికాలో డాలస్ దగ్గర కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్లు చెప్పే కాలేజీ) చేరి రెండేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివాడు. ఇప్పుడు యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలి. అక్కడే యూటీ డాలస్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, డాలస్) మెరిట్ స్కాలర్‌షిప్‌తో సీటొచ్చింది. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలోనూ వచ్చింది కానీ స్కాలర్‌షిప్ లేదు. వాడు డాలస్ చాలంటున్నాడు. నా మీద భారం పడుతుందని మొహమాటానికి అంటున్నాడేమో. అమ్మ మాత్రం పెద్ద పేరున్న చోటే చదివించమంటోంది. పర్డ్యూ అయితే ఫ్లాట్ మీద టాప్-అప్ లోన్ తీసుకోవాలి. ఫ్లాట్ ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి నా భార్య సంతకం కావాలి. విషయం చెబితే గొడవవుతుంది. ఇంటీరియర్ పనుల కోసమని చెప్పి సంతకం పెట్టిద్దామనుకుంటున్నాను. మొదటి ఏడాది ఫీజు కోసం తన గాజులు బ్యాంకులో పెట్టాం, ఇంకా విడిపించలేదు. స్కాలర్‌షిప్ కోసం పేరున్న యూనివర్సిటీ వదులుకోవడం తెలివైన పనేనా?

జవాబు: మీరడిగినదానికి జవాబు చిన్నదే. డాలస్‌లో చేర్పించండి.

పర్డ్యూ గొప్పదే. పదేళ్లకు పైగా ట్యూషన్ ఫీజు పెంచలేదన్న పేరు కూడా ఉంది. కానీ ఆ పెంచని ఫీజే ఇండియానా వాళ్లకు ఏడాదికి సుమారు 10 వేల డాలర్లయితే, బయటివాళ్లకు 28 వేలు దాటింది. మనలాంటి విదేశీయులకు ఇంకాస్త ఎక్కువ. హాస్టలూ తిండీ వేరే. టెక్సస్‌లో లెక్క వేరు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో ఏడాదికి కనీసం 1000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ సంపాదించిన బయటి విద్యార్థికి స్థానికుల ఫీజే వర్తింపజేసే వీలు చట్టంలో ఉంది. అంటే స్కాలర్‌షిప్ డబ్బుకంటే దాని వెంట వచ్చే ఫీజు తగ్గింపే పెద్దది కావచ్చు. మీ తమ్ముడి ఆఫర్ లెటర్‌లో ఆ మాట ఉందేమో చూడమనండి. జీపీఏ (మార్కుల సగటు) ఎంతకు తగ్గితే స్కాలర్‌షిప్ పోతుంది, ఎన్ని సెమిస్టర్ల దాకా ఇస్తారు, కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లలో ఎన్నింటిని లెక్కలోకి తీసుకుంటారు అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. స్కాలర్‌షిప్ నాలుగు సెమిస్టర్లకే ఇచ్చి, డిగ్రీకి ఐదు పడితే ఆ చివరిది మీ నెత్తినే పడుతుంది.

ఇక పేరంటారా? టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకులు పెట్టిన పరిశోధనా కేంద్రమే 1969లో యూటీ డాలస్ అయింది. మీ అమ్మగారి ఊళ్లో ఎవరూ వినకపోవచ్చు గానీ, ఉద్యోగాలిచ్చేవాళ్లు విన్నారు.

నేను మూడుసార్లు వెనక్కెళ్లి చదివింది ఇంటీరియర్ పనుల ముక్క.

"చెబితే గొడవవుతుంది" అన్నారు. అప్పుడు గాజులిచ్చింది ఎవరండీ? మీరు దొంగతనంగా తీసుకెళ్లి పెట్టలేదు కదా, "పెట్టాం" అని రాశారు. అంటే అడిగారు, ఆమె తీసిచ్చింది. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం భార్య సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చేసింది. ఇవ్వనంటే మీరు చేయగలిగింది ఏమీ లేదు. అయినా ఇచ్చింది. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా బోసి చేతులు చూసి "గాజులేవమ్మా" అని అడిగే పిన్నులూ అత్తలూ మన ఇళ్లల్లో ఎంతమందో మీకు తెలియదా? వాళ్లకు ఆమె ఏ సమాధానం చెబుతోందో ఎప్పుడైనా అడిగారా?

తమ్ముడు ఇంటర్ మీ ఇంట్లోనే ఉండి చదివాడన్నారు. ఆ కార్పొరేట్ కాలేజీల టైమింగులు నాకు తెలుసు. పొద్దున్నే లేచి క్యారేజీ కట్టిన చేతులు మీవి కావనుకుంటాను. ఈ రోజు ఆ కుర్రాడు స్కాలర్‌షిప్ తెచ్చుకున్నాడంటే అందులో వదినకు వాటా ఉంది. అలాంటి మనిషితో అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకుంటారా? సంతకం పెట్టాక ఆ అప్పు ఆమెది కూడా. రేపు మీ ఉద్యోగానికి ఏదైనా అయితే బ్యాంకు వాళ్లు ఆమెకూ ఫోన్ చేస్తారు. వంటింటి కబోర్డులు కొత్తగా ఎందుకు రాలేదో అప్పుడామెకు అర్థమవుతుంది.

తమ్ముణ్ని చదివించడం మీ ధర్మం, కాదనను. తండ్రి లేని ఇంట్లో పెద్దకొడుకు చేయాల్సిన పనే మీరు చేస్తున్నారు. భార్య ఒప్పుకుంటేనే తోడబుట్టినవాడికి రూపాయి పెట్టాలనే రకం కాదు నేను. మీ జీతంలోంచి పెట్టండి, చెప్పి పెట్టండి. ఆమె కాదన్నా మీరు వాదించుకోవచ్చు, అలగొచ్చు, రెండ్రోజులు మాటలు మానేయొచ్చు, అన్నీ సంసారంలో ఉన్నవే. ఇద్దరి పేరున ఉన్న ఇంటిని మాత్రం ఆమె కళ్లుగప్పి తాకట్టు పెట్టకూడదు. అది మోసం. నా దగ్గర ఇంకో పేరు లేదు దానికి.

ఇంకో సంగతి. తమ్ముడు డాలస్ చాలన్నాడు. మీరు మొహమాటమని తోసేశారు. మొహమాటం కాకపోవచ్చు. తన మార్కులతో తను తెచ్చుకున్న డబ్బు అది, ఇన్నేళ్లలో మొదటిసారి అన్నను అడగకుండా చదువుకునే వీలు దొరికింది. దాన్ని కాలదన్నమని ఎందుకంటారు?

ఈ వారంలో ఒక రోజు, పిల్లలుంటే వాళ్లు పడుకున్నాక, ఆమెను కూర్చోబెట్టి ఇంటీరియర్ కథతో సహా మొత్తం చెప్పండి. ఎలాగూ చేయలేదు కదా, అదెందుకు చెప్పడం అని దాచొద్దు. నాలుగు మాటలు పడతాయి, పడండి. డాలస్‌కైనా మీరు ఏడాదికి ఎంతో కొంత పంపాల్సే ఉంటుంది. అదెంతో కాగితం మీద వేసి చూపించండి. పర్డ్యూకి అయ్యేదాంట్లో మిగిలిన మొదటి డబ్బుతో గాజులు విడిపించుకు రండి, తమ్ముడి సెమిస్టర్ ఫీజు కంటే ముందు కాకపోయినా, మీ అమ్మగారు అడిగే మరే ఖర్చుకైనా ముందు.

అమ్మగారికి పర్డ్యూ వద్దనుకున్నామని చెప్పాల్సింది మీరే. "నేనే వద్దనుకున్నానమ్మా, డాలస్ బాగుంది, వాడికీ అదే ఇష్టం" అనండి, చాలు. "మీ కోడలు ఒప్పుకోలేదు" అన్న ముక్క మాత్రం పొరపాటున కూడా రానివ్వకండి.