ల్యాబ్‌లో తయారైన గుజ్జు మోకాలి బరువు మోస్తుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, మాది హన్మకొండ. కబడ్డీలో పడి కుడి మోకాలికి దెబ్బ తగిలింది. ఎమ్మారైలో ఒకచోట 3 చదరపు సెంటీమీటర్ల మేర గుజ్జు ఊడిందన్నారు. జెల్‌లో కణాలు పెట్టి అతికిస్తారట. దానికి అసలు గుజ్జుకున్నంత బలం ఉందని ల్యాబ్‌లో తేలినట్టు ఓ వీడియోలో చెప్పారు. నమ్మొచ్చా?

జవాబు: ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ చాలదు. అలాంటి పరీక్షల్లో ముక్కను రెండు పలకల మధ్య పెట్టి నొక్కి, మొత్తమ్మీద ఎంత అణిగిందో చూస్తారు. వచ్చేది సగటు.

మోకాలి గుజ్జు మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లే. అంత పల్చటి దాంట్లోనూ బరువు పడితే పైపొర బాగా అణుగుతుంది, ఎముకను అంటుకున్న అడుగు పొర పెద్దగా కదలదు. పై నుంచి కింది దాకా ఒకే తీరుగా ఉన్న జెల్‌లో ఈ తేడా రాదు. సగటు మాత్రం రెండింటికీ ఒకటే రావొచ్చు! అందుకే పరిశోధకులు ముక్కను నిలువుగా కోసి, ఆ ముఖం మీద సన్నటి చుక్కలు చల్లి, మైక్రోస్కోప్ కింద నొక్కుతారు. ముందూ తర్వాతా తీసిన ఫొటోల్లో ఏ చుక్క ఎంత జరిగిందో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఎక్కడ ఎంత స్ట్రెయిన్ (అంటే అసలు మందంతో పోలిస్తే ఎంత అణిగిందనే లెక్క) పడిందో అప్పుడు తెలుస్తుంది. ఈ పద్ధతినే డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ అంటారు.

నేనైతే అతుకు అంచునే ముందు చూస్తాను. రోడ్డు గుంతకు వేసిన ప్యాచ్ లేచేది అంచు దగ్గరే కదా. పైగా లోపలి కణాలకు మోతాదులో ఒత్తిడి మంచిదే, మితిమీరితే చచ్చిపోతాయి.

మీ వయసుకి, ఒకేచోట దెబ్బకి ఈ చికిత్స ఆలోచించదగ్గదే. (అమ్మానాన్నల అరిగిన మోకాళ్లకూ చేయించొచ్చా అని చాలామంది అడుగుతారు. మోకాలంతా అరిగితే ఇది పనికిరాదు.) సొంత కణాలతో చేసే పద్ధతిని స్వీడన్ డాక్టర్లు 1994లోనే ప్రచురించారు. అందులో కణాలు తీయడానికి ఒకసారి, పెంచాక అతకడానికి మరోసారి ఆపరేషన్ ఉంటుంది. తర్వాత కొన్ని వారాలు కర్రల సాయం, కబడ్డీకి దాదాపు ఏడాది ఆగాలి.

రిపోర్టు కాగితంతో సరిపెట్టకుండా ఎమ్మారై ఫిల్ములు పట్టుకెళ్లి డాక్టర్‌ను కలవండి. లిగమెంట్ తెగిందా, కాలు వంకర ఉందా అని అడగండి. అవి సరిచేయకుండా ఏ జెల్ పెట్టినా నిలవదు. ఈలోగా గొంతుక్కూర్చోవడం, దూకడం మానండి.